అయిదువందల నలభై ఎనిమిది చిల్లులు

నాకు చదువు వచ్చినందువల్ల ప్రభుత్వానికి అయిదువందల నలభై ఎనిమిది చిల్లుల నష్టం వచ్చింది. ఇది నా మాట కాదు, ఫైల్లో ఉన్న మాట. నా మాట ఇప్పుడు ఎక్కడా చెల్లదు. ఎందుకు చెల్లదో చెప్పడానికే ఇదంతా.

మా ఆయన ఏడుకొండలు మా ఊరి ప్రాచీన గ్రంథాలయంలో వాచ్‌మన్. పాతికేళ్లు తలుపు దగ్గర కూర్చున్నాడు. లోపల ఏముందో ఆయనకు తెలియదు. ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు గనుక ఊరికీ తెలియదు. ఆయన పోయాక ఆ ఉద్యోగం బదులు నాకు అటెండరు పని ఇచ్చారు. షరతు ఒకటే: రెండేళ్లలో చదవడం, రాయడం నేర్చుకోవాలి. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు.

నేర్పింది అక్కడి పండితులు భావనాచార్యులుగారు. లోకమంతా అమ్మతోనో ఆవుతోనో మొదలుపెడుతుంది. నేను బీరువాతో మొదలుపెట్టాను, ఎదురుగా ఉన్నది అదే గనుక. రెండో మాట "తాకరాదు". మూడోది "నిశ్శబ్దం". ఆ మూడోది నేర్చుకున్నాను గానీ వంటబట్టలేదు.

చదువు కొత్తగా వచ్చిన మనిషి కొత్త చెప్పులేసుకున్న మనిషిలాంటిది. నడక తక్కువ, చప్పుడు ఎక్కువ. బస్సెక్కితే దారిపొడుగునా బోర్డులన్నీ పైకి చదివేదాన్ని. పక్క సీటావిడ "నాకూ వచ్చమ్మా" అంటే, "అయితే అదుగో, అది చదువు చూద్దాం" అనేదాన్ని. హాజరు పట్టీలో ఒక సంతకం చాలు. నేను రెండు పెట్టేదాన్ని, ఒకటి సరిగ్గా రాకపోతే రెండోది ఉంటుందని.

మా దగ్గర రెండువేల పైచిలుకు తాటాకు గ్రంథాలున్నాయి. కాగితం మీద రాసింది ఒక్కటే, బొమ్మలున్నదీ అదొక్కటే. జైనుల పుస్తకం, మహావీరుడి పుట్టుక కథ. ఊళ్లో బట్టల కొట్టు పెట్టుకున్న మార్వాడీ కుటుంబం వాళ్ల ముత్తాత రాజస్థాన్ నుంచి వస్తూ నెత్తిన పెట్టుకుని తెచ్చాడట. ఇంట్లో ఉంటే చెదలు పడతాయని మాకిచ్చారు. మా దగ్గర చెదలు లేవా అంటే, ఉన్నాయి. వాటి ముందు రెండువేల తాటాకు గ్రంథాలున్నాయి గనుక దీని వంతు ఇంకా రాలేదు.

అందులో నూటముప్పై ఏడు ఆకులు. కాగితమే అయినా తాటాకులాగే పొడుగ్గా, సన్నగా కోశారు. ఎర్రటి నేల మీద నీలం, బంగారం. బొమ్మల్లో మనుషులందరూ పక్కకు తిరిగి ఉంటారు. ఒక కన్ను మొహం మీద ఉంటే రెండోది మొహం దాటి గాలిలో ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మా సూపరింటెండెంటు నాంచారయ్యగారే అనుకున్నాను. ఆయనకూ అంతే, ఒక కన్ను ఫైలు మీద, రెండోది వరండాలోకి ఎవరొస్తున్నారా అని.

ప్రతి ఆకుకూ ఒక పక్క నట్టనడుమ పావలా బిళ్లంత ఎర్ర చుక్క ఉంటుంది. తిప్పి చూస్తే నడుమ ఒకటి, ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి, మొత్తం మూడు. తల్లి పడుకుని పద్నాలుగు కలలు కనే ఆకు మీద మాత్రం నడిమి చుక్క బంగారంతో దిద్ది, అందులో గోరంత తెల్ల ఏనుగును వేశారు. అంత చిన్న ఏనుగుకు తోక కూడా ఉంది.

"ఇదేందండీ ఆచార్యులుగారూ, ఆకు ఆకుకీ బొట్లు పెట్టారు?" అని ఒకసారి అడిగాను.

"అవి తాడు దూర్చే చిల్లుల చోట్లమ్మా," అన్నారాయన.

అది సగం మాట. మిగతా సగం చెప్పేలోపు నేను టీ తేవడానికి లేచాను. చదువుకున్నవాళ్లకు సగం వింటే చాలని అప్పట్లో నా నమ్మకం.

అంతలో రాష్ట్ర కార్యాలయం నుంచి "సమగ్ర భౌతిక నమోదు" అని ఉత్తర్వు వచ్చింది. గ్రంథానికొక ఫారం, ఫారానికి ఇరవయ్యారు గళ్లు. తాటాకుల కోసం ఎప్పుడో అచ్చు వేయించిన ఫారం అది. తొమ్మిదో గడి: చిల్లుల సంఖ్య. అడుగున చిన్న అక్షరాల్లో, "ఏ గడిని గాని ఖాళీగా విడువరాదు. సున్న వేసినచో తగు కారణములు మూడు ప్రతులలో జతపరచవలెను."

ఆచార్యులుగారు కంటి ఆపరేషనుకు సెలవు మీద వెళ్లారు. నాంచారయ్యగారికి రాయడం వచ్చు గానీ రాస్తే బాధ్యత వస్తుందని రాయరు. రిజిస్టరు నా ముందుకు తోసి, "నువ్వు కొత్తగా నేర్చుకున్నావు గదమ్మా, చెయ్యి తిరుగుద్ది," అన్నారు.

నేను పొంగిపోయాను. కాగితం పుస్తకం దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదో గడి నన్ను చూసింది, నేను చుక్కల్ని చూశాను. చిల్లుల చోట్లని పండితులే చెప్పారు. ఎప్పుడో ఎవరో ఎర్ర లక్కతో పూడ్చి ఉంటారు, పూడిస్తే మాత్రం చిల్లు చిల్లు కాకుండా పోతుందా అనుకున్నాను. ఈ పక్క ఒకటి, ఆ పక్క మూడు, ఆకుకు నాలుగు. చిక్కుడు గింజలు పెట్టి రెండుసార్లు లెక్కేశాను. అయిదువందల నలభై ఎనిమిది. అంత పెద్ద అంకె నా చేత్తో రాయడం అదే మొదలు. కింద గీత కూడా గీశాను.

ఆరు నెలలకు తనిఖీ అధికారి పరాంకుశరావుగారు దిగారు. రిజిస్టరు ఒక చేత్తో, ఆకు ఒక చేత్తో పట్టుకుని ఆకును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు.

"ఇందు రంధ్రములు ఏవి?"

నాంచారయ్యగారు నా వైపు చూశారు. నేను చుక్క చూపించాను.

"అది చుక్క. నేను రంధ్రమును అడుగుచున్నాను."

"లేవండి," అన్నాను.

"లేవు అనునది పరిస్థితి. ఏమైనవి అనునది ప్రశ్న." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రిజిస్టరు ప్రకారము ఉన్నవి. బీరువా ప్రకారము లేవు. నడుమ ఆరు నెలలు. తాళము ఎవరి వద్ద నుండును?"

"నా దగ్గరేనండి."

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. "మీ సంరక్షణలో నున్న 548 రంధ్రముల అదృశ్యమునకు మీపై ఏల చర్య గైకొనరాదో తెలుపుడు." నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. ముచ్చటపడి రెండుసార్లు పైకి చదివాను. మూడోసారికి గానీ అది నన్ను తిడుతోందని తెలియలేదు.

పోలీసు స్టేషనుకు కూడా వెళ్లాలన్నారు. నాంచారయ్యగారు నన్ను తీసుకుపోయి, తను బయట చెట్టు కింద నిలబడ్డారు. హెడ్ కానిస్టేబులు కాగితం తీశాడు.

"పోయిందేంది?"

"చిల్లులండి."

"ఎట్టా ఉంటాయి?"

"గుండ్రంగా."

"రంగు?"

"ఉండదండి."

"బరువు?"

"అవి పోతే పుస్తకం బరువు పెరుగుద్దండి."

అతను కలం కింద పెట్టాడు. ఊళ్లో చిల్లులు పూడ్చేవాళ్లెవరున్నారని అడిగాడు. సైకిల్ షాపు మస్తానొక్కడే. మస్తాన్ని పిలిపించి, మర్యాదగానే అడిగి, వదిలేశారు. వెళ్తూ వెళ్తూ మస్తాను నా దగ్గర ఆగాడు. "పిన్నీ, ట్యూబులో చిల్లు పూడిస్తే గాలి నిలబడుద్ది. నీ పుస్తకంలో పూడిస్తే ఏం నిలబడుద్ది? ఇంకోసారి నా పేరు రాశావంటే నీ సైకిలుకు గాలి కొట్టను." నాకు సైకిలు లేదు. అయినా భయమేసింది.

పోలీసులు "జాడ తెలియలేదు" అని రాసిచ్చాక పరాంకుశరావుగారి ఆధ్వర్యంలో రంధ్ర పునరుద్ధరణ సంఘం ఏర్పడింది. పోయినవాటిని వెతకడం వృథా ప్రయాస, కొత్తవి వేయించి రిజిస్టరుతో సరిచూడటం ఉత్తమమని సంఘం మొదటి సమావేశంలోనే తేల్చింది. భవనాల శాఖ నుంచి ఒక ఇంజనీరును రప్పించారు. పాపం, ఆయన తెలివిగలవాడు. ఆకును అటు తిప్పి, ఇటు తిప్పి, అనుమానం బయటపెట్టాడు.

"సార్, ఈ వైపు మూడు లోపలికి పోతున్నాయి. ఆ వైపు ఒకటే బయటికి వస్తోంది. మిగతా రెండూ ఎటు పోయినట్టు?"

సంఘమంతా ఆకు మీదికి వంగింది.

"కాగితపు మందములో నిలిచిపోయి ఉండును," అన్నారు పరాంకుశరావుగారు, చాలా ఆలోచించి. వెంటనే ఆయన మొహం వెలిగింది. "అనగా రంధ్రములు పోలేదు! ఉన్నచోటనే లోపల ఉన్నవి. మనము కొత్తగా చేయుట లేదు. వెలికితీయుచున్నాము."

ఆ మాటతో ఇంజనీరు మనసు కూడా కుదుటపడింది. కార్తీక శుద్ధ పంచమి నాడు డ్రిల్లు మిషనుతో వెలికితీత అని నిర్ణయించారు. ఆ రోజే ఎందుకంటే, ఏడాది మొత్తంలో ఆ పుస్తకాన్ని బయటికి తీసేది ఆ రోజొక్కటే. జైనులకు అది జ్ఞాన పంచమి. పుస్తకాలు దులిపి, కొత్త గుడ్డ కట్టి, పక్కన కలం పెట్టి దణ్ణం పెట్టుకునే రోజు.

దణ్ణం పెట్టడానికి ప్రతి ఏడూ వచ్చేది ధాపూబాయి. ఆ మార్వాడీ కుటుంబంలో పెద్దావిడ, నాలాగే భర్త పోయినావిడ. ఎనభై దాటాయి. పుట్టింది రాజస్థానే అయినా పదేళ్లప్పుడు ఇక్కడికి వచ్చింది, మాట మా మాటే. ఆవిడకు ఏ భాషలోనూ చదవడం రాదు. కానీ పుస్తకంలో ప్రతి బొమ్మా ఎవరిదో, ఏ ఆకు తర్వాత ఏ ఆకు వస్తుందో కళ్లు మూసుకుని చెప్తుంది. పంచమికి వారం ముందు, కట్టడానికి కొత్త ఎర్ర గుడ్డ తీసుకుని వచ్చింది.

"ఏం కోటమ్మా, పుస్తకానికి ఆపరేషనంటగా?"

నేను చెప్పాను. చిక్కుడు గింజల దగ్గర్నుంచీ అన్నీ చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది.

"మేం నీళ్లు వడగట్టకుండా తాగం. పొద్దుగూకితే పురుగు పడుద్దని అన్నం ముట్టం. ఆ ఏనుగు కడుపులో మిషను పెడతారా?"

"నడిమి చుక్కే గదా మామ్మగారూ, అక్కడ పడుద్ది."

"తల్లి మొదట కన్న కల ఆ ఏనుగే. ఆ కల పోతే ఇంక బిడ్డేడి?" గుడ్డ నా చేతిలో పెట్టింది. "నువ్వు చదువుకున్నదానివి. ఏదో ఒకటి రాయి."

చదువుకున్నదానివని నన్ను ఊళ్లో అన్నది ఆవిడొక్కతే. ఆ మాట కోసం నేను రెండేళ్లు బస్సుల్లో బోర్డులు చదివాను. తీరా వినబడేసరికి బీరువా వెనక దాక్కోవాలనిపించింది.

రాశాను. "తప్పు నాది, చుక్కల్ని చిల్లులనుకున్నాను, కొట్టేయండి" అని మూడు ప్రతులు రాసి పరాంకుశరావుగారికి ఇచ్చాను. ఆయన చదివి జాలిగా తల ఊపారు.

"అమ్మా, రిజిస్టరునందు నమోదైనది తప్పు కానేరదు. తప్పైనచో నమోదు కానేరదు. నమోదైనది గనుక తప్పు కాదు."

ఈమధ్యే రెండో కంటికీ ఆపరేషను చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకున్న భావనాచార్యులుగారు కూడా నా వెంట వచ్చారు. నేను టీ కోసం లేచి వెళ్లిన నాడు వినని రెండో సగం ఆయన అప్పుడు చెప్పారు.

"తాటాకుల రోజుల్లో తాడు కోసం నడుమ చోటు వదిలి రాసేవారండి. కాగితం వచ్చాక తాడూ పోయింది, చిల్లూ పోయింది. రాసేవాళ్ల చెయ్యి మాత్రం ఆ చోటు వదులుతూనే ఉంది. వదిలిన చోటు బోసిగా ఉందని చుక్క పెట్టారు. అంతే. అక్కడ చిల్లు ఏనాడూ లేదు."

పరాంకుశరావుగారు నిర్ఘాంతపోయారు. "అవసరము తీరిపోయిన పిదప కూడ చోటు వదలినారా? ఎన్ని ఏండ్లు?"

"కొన్ని వందల ఏళ్లండి."

"ఎవరును ప్రశ్నింపలేదా?"

"లేదండి."

"ఎంతటి అవివేకము!" అని ఆయన బాధపడుతూ ముందున్న ఫారాల మీద సంతకాలు పెట్టుకుంటూ పోయారు. ఆ రోజు తనిఖీ అవుతున్నవి మా పేము కుర్చీలు. ఫారం అదే. తొమ్మిదో గడిలో "లెక్కింపు జరుగుచున్నది" అని ఉంది.

పంచమి వచ్చింది. హాల్లో బల్ల వేసి, వైరు లాగి, డ్రిల్లు మిషను అమర్చారు. మొదట పట్టింది ఏనుగున్న ఆకునే, "గుర్తు స్పష్టముగా నున్నందున". పొడుగాటి ఆకును చెక్క మీద పరిచి నాలుగు మూలలా ఇనప పట్టీలు బిగించారు. ధాపూబాయి వచ్చి గోడవారగా నేల మీద కూర్చుంది. చేతులు జోడించే ఉంచింది. అందరూ అది పూజ అనుకున్నారు.

నేను వరండాలోకి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డాను. నాంచారయ్యగారు అటువైపు చూస్తూ, నాతో కానట్టు అన్నారు.

"కోటమ్మా, నేను నీకేం చెప్పలేదు."

"ఏందండీ?"

"మాన్యువలు నూట పద్నాలుగో పేజీ. నేను చెప్పలేదు."

పాతికేళ్ల ఉద్యోగంలో ఆయన తీసుకున్న బాధ్యత అదొక్కటే. లోపలికి పరుగెత్తి నూట పద్నాలుగో పేజీ తీశాను. వేలు పెట్టుకుని చదివాను. "నిరక్షరాస్యులచే చేయబడిన నమోదు, నమోదుగా పరిగణింపబడదు." దాని కింద, "సదరు నిరక్షరాస్యత విషయమై సదరు వ్యక్తి స్వదస్తూరితో వాంగ్మూలము వ్రాసి, వేలిముద్ర వేయవలెను."

రెండేళ్ల చదువులో ఏ వాక్యమూ నాకు అంత బాగా అర్థం కాలేదు.

హాల్లోంచి మిషను చప్పుడు మొదలైంది. కొసలో సన్నటి ఇనుము తిరుగుతోంది. దాని కిందే ఏనుగు ఉంది. ఇంజనీరు చెయ్యి కిందికి దిగుతుంటే నేను అరిచాను.

"ఆగండయ్యా! నాకు చదువు రాదు!"

మిషను ఆగింది. పరాంకుశరావుగారు తల తిప్పారు.

"ఎప్పటి నుండి?"

"పుట్టినప్పటి నుంచేనండి."

"ఆ మాట స్వదస్తూరితో వ్రాసి ఇవ్వగలవా?"

"ఇవ్వగలనండి."

బల్ల మీదే కాగితం పెట్టారు. "నాకు చదవడం, రాయడం రాదు. రిజిస్టరులో నేను రాసింది రాత కాదు" అని రాశాను. పక్కన నాంచారయ్యగారు వంగి గుసగుసలాడారు. "అంత గుండ్రంగా రాయకమ్మా, నమ్మరు." ఏం చేయను, చెయ్యి తిరిగిపోయింది. వంకరగా రాద్దామన్నా రాలేదు. చివర్న అలవాటు కొద్దీ సంతకం పెట్టబోయాను. 'కో' దాకా వచ్చి ఆగాను. దాన్ని కొట్టేసి, బొటనవేలు సిరాలో అద్ది పక్కన గట్టిగా నొక్కాను.

ఆచార్యులుగారు నల్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ కన్ను తడవకూడదని డాక్టరు చెప్పాడు.

పరాంకుశరావుగారు కాగితం పైనుంచి కిందికి చదివారు. "భావము స్పష్టముగా నున్నది. దస్తూరి ముత్యముల వలె నున్నది. నిరక్షరాస్యత రుజువైనది," అని ముద్ర కొట్టారు. తెచ్చిన మిషను ఊరికే పోకూడదని గోడకు రెండు చిల్లులు పెట్టి, సంఘం తీయించుకున్న ఫోటో తగిలించారు. ఆ రెండూ గోడ ఖాతాలో నమోదయ్యాయి.

తర్వాత చిన్న ఇబ్బంది వచ్చింది. మా జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించి అప్పటికి చాలా కాలమైంది. అందులో చదువు రాని మనిషి ఉండటానికి వీల్లేదని పైవాళ్లు అభ్యంతరం చెప్పారు. మా పుట్టిల్లు కృష్ణకు అవతల ఉందని తేలాక, నన్ను ఆ జిల్లా లెక్కలో వేసి ఊపిరి పీల్చుకున్నారు. రిజిస్టరు నా దగ్గర్నుంచి తీసుకుని చీపురు ఇచ్చారు. హాజరు పట్టీలో ఇప్పుడు వేలిముద్రే. రెండు వేయనివ్వరు.

ఆ పంచమి నాడు అందరూ వెళ్లిపోయాక ధాపూబాయి పుస్తకాన్ని కొత్త గుడ్డలో చుట్టబోతూ ఆగింది.

"ఏదీ, నీ వేలు చూపించు."

చూపించాను. ఊదా సిరా గోటి సందుల్లోకి పోయింది.

"బ్యాంకుకు పోయినప్పుడల్లా నాదీ అంతే," అంది. "పోనీలే. నాకూ రాదు, నీకూ రాదు. ఇట్టా కూర్చో, ఏనుగును చూద్దాం."

చూశాం. తోక కూడా అలాగే ఉంది.

ఇదంతా మరి ఎవరు రాశారని అడగొచ్చు. నేనే. అయితే చదువు రానివాళ్లు రాసింది రాత కాదని మాన్యువల్లో ఉంది గనుక, దీని మీద ఎవరూ చర్య తీసుకోలేరు. చదువు వల్ల నాకు మిగిలిన లాభం ఇదొక్కటే.

నా వాంగ్మూలాన్ని ఆ పుస్తకంతోనే కలిపి కట్టి ఉంచమన్నారు. పోయిన నెల కొత్త తనిఖీ అధికారి వచ్చాడు. మూట విప్పి, ఆకులు లెక్కపెట్టి, నూటముప్పై ఎనిమిది అని రాసుకున్నాడు. నేను చీపురు పట్టుకుని పక్కనే ఉన్నాను. చదువు రానిదాన్ని, నన్నెవరడుగుతారు? ఆఖరి ఆకు నాది. గుండ్రటి అక్షరాలు, పక్కన ఊదారంగు చుక్క. అతను తొమ్మిదో గడి దాకా వచ్చి కలం ఆపాడు. నా ఆకు అందుకుని, కిటికీ దగ్గరికి పోయి, ఆ చుక్కను వెలుతురుకు ఎత్తి చూశాడు.